పెరుగన్నం తర్వాతే బేరం

"మెనూ ఏదీ?" అన్నాడు అన్నయ్య, చుట్టూ చూస్తూ.

బల్ల మీద కార్డు లేదు. గోడ మీద బోర్డు లేదు. పొడవాటి చెక్కబల్లకి ఇటు మేం ముగ్గురం. అటు తెల్లకోటు వేసుకున్న వంటాయన, చేతులు తడి చేసుకుంటూ. అంతే.

"ఇక్కడ మనం అడగకూడదు. ఆయన ఏది పెడితే అది తినడమే" అన్నారు మాతో వచ్చిన జపాన్ పెద్దాయన, ఇంగ్లిషులో. దాన్ని 'ఒమకాసే' అంటారట. 'మీకే వదిలేస్తున్నా' అని అర్థమట.

"అంటే మన మేనత్తగారిల్లు లాగా అన్నమాట" అన్నాడు అన్నయ్య నా చెవిలో.

అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు. ఏలూరులో అట్టపెట్టెలు తయారు చేస్తాడు. మామిడిపండ్లు విదేశాలకు పంపే పెట్టెలు. బెంగళూరులో పండ్ల వ్యాపారం చేసే ఒక జపాన్ కంపెనీ ఉద్యోగిని కలవాల్సి వచ్చింది. ఆ వారం నేనూ ఆఫీసు పనిమీద అక్కడే ఉన్నాను. 'నీకు నలుగురితో మాట్లాడటం అలవాటే కదా, పక్కన కూర్చో చాలు' అని లాక్కెళ్లాడు. భోజనం ఎక్కడ అన్నది మాత్రం ఆ పెద్దాయన ఎంపికే. 'మధ్యాహ్నమైతే ఇక్కడ ధర అందుబాటులో ఉంటుంది. రాత్రికి ఇందుకు రెట్టింపు' అని ముందే చెప్పారు. ముగ్గురికీ కలిపి పదివేల లోపే అయింది. అందుబాటు అంటే ఇదా అని అన్నయ్య మొహం చిట్లించాడు గానీ, ఆ తిండికి అది తక్కువేనని తర్వాత తెలిసింది.

మొదటి ముక్క వచ్చింది. వేలెడంత అన్నం ముద్ద, దాని మీద పల్చటి చేపముక్క. అన్నంలో కాస్త వెనిగర్, ఉప్పు, పంచదార కలుపుతారు. చేప పచ్చిదే. మీరు మొహం తిప్పుకోకండి, నేనూ ముందు అలాగే తిప్పుకున్నాను. కానీ ఆ ముద్ద ఉంది చూశారూ... చల్లగా లేదు, వేడిగా లేదు. ఒంటి వెచ్చదనంతో ఉంది. వంటాయన అరచేతిలో రెండు మూడుసార్లు వత్తి మా ముందు పెడుతున్నాడు. వత్తీ వత్తనట్టు. నోట్లో వేసుకోగానే విడిపోతోంది. చిన్నప్పుడు వెన్నెల్లో కూర్చోబెట్టి, అమ్మ అందరికీ కలిపి చేతిలో పెట్టే ముద్ద కూడా అంతే. గట్టిగా ఉండదు, జారిపోదు.

అసలు సుషీ పుట్టుకే అన్నంతో చేపని నిల్వ చేయడంలో ఉందట. చేపని అన్నంలో నెలల తరబడి పులియబెట్టి, పైన అన్నం పారేసి చేప తినేవారు. ఇప్పుడు మనం చూసే ఈ చేతి ముద్ద మాత్రం పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఇవాళ్టి టోక్యో ఎడో అనే పేరుతో ఉన్నప్పుడు, వీధి బళ్ల మీద పనివాళ్ల కోసం పుట్టిన తిండి. మన దగ్గర బండిమీద ఇడ్లీ లాంటిదన్నమాట. పెద్ద హోటళ్లకు తర్వాత ఎక్కింది.

మూడో ముక్క దగ్గర అన్నయ్య ఆగలేకపోయాడు. గొంతు సవరించుకుని, "సర్, బాక్సుకి మా రేటు..." అని మొదలెట్టాడు. పెద్దాయన కోప్పడలేదు. చిన్నగా నవ్వి, అన్నయ్య ముందున్న ముక్క వైపు చెయ్యి చూపించారు. "ఇది పెట్టిన వెంటనే తినాలి. ఆలస్యమైతే ఆయన చేసిందీ, మీరు తినేదీ ఒకటి కాదు" అన్నారు. అన్నయ్య గబుక్కున నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత పదో ముక్క దాకా ఎవరూ వ్యాపారం ఎత్తలేదు. ముక్కకీ ముక్కకీ మధ్య అల్లం పచ్చడి లాంటిది కొంచెం కొరికితే పాత రుచి పోతుంది. చివర్న తియ్యటి గుడ్డట్టు, సూపు, టీ.

"పెరుగు ఉండదా?" అన్నాడు అన్నయ్య దిగులుగా.

టీ అయ్యాకే పెద్దాయన చేతులు తుడుచుకుని, "ఇప్పుడు చెప్పండి" అన్నారు. మా మామిడి గురించి ఆయనకు బాగానే తెలుసు. పండు ఈగ భయంతో 1986లో జపాన్ మన మామిడిని ఆపేసింది. ఇరవై ఏళ్ల తర్వాత 2006లో మళ్లీ తలుపు తీసింది, అదీ కొన్ని రకాలకే. వాటిలో మన బంగినపల్లి ఉంది. పండుని వేడి ఆవిరిలో పెట్టి, లోపలి గుజ్జు 47.5 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు అలాగే ఉంచి, అప్పుడు పంపాలి. వాళ్ల దేశంలోనూ మామిడి ఉంది. మియాజాకి అనే చోట పండిస్తారు. కాయకి వల కడతారు. చెట్టు మీదే పండి, తనంతట తాను వలలో రాలితేనే పండు కింద లెక్క. 2019లో అలాంటి పళ్లు రెండు, వేలంలో ఐదు లక్షల యెన్లు పలికాయి.

"రెండు పళ్లకా?" అన్నాడు అన్నయ్య. ఆ రోజంతా అదే మాట. ఆ ఆర్డరు మాత్రం మాకు రాలేదనుకోండి. అట్ట మందం చాలలేదట.

రైల్లో తిరిగొస్తుంటే నాకు జపాన్ గుర్తు రాలేదు. మా నాన్న గుర్తొచ్చాడు. 'ఆకు ముందు బేరం వద్దు' అనేవాడు. ఆ పెద్దాయన చెయ్యి చూపించిన తీరు అచ్చం నాన్నదే.

మాది ముసునూరు. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. జిల్లా ఏదైనా బయట అడిగితే 'నూజివీడు పక్కన' అనే చెబుతాం. నూజివీడు అంటే చాలు, అవతలివాళ్లు 'మామిడిపళ్లా!' అంటారు. శివరాత్రికి తమ్మిలేరు ఒడ్డున బలివె తిరునాళ్లకి వెళ్లి వచ్చేసరికి దారంతా పూత వాసన. ఆ వాసన మనుషులకు హాయి, రైతుకి గుబులు. పూత నిలబడుతుందా లేదా, పొగమంచు కురిస్తే ఏంటి, తేనెమంచు పురుగు దిగితే ఏంటి... ఆ రెండు నెలలూ నాన్న తల ఎత్తుకునే నడిచేవాడు. చెట్ల వైపు చూస్తూ.

మాకు ఐదెకరాల తోట. చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంట కొన్ని కలెక్టరు. మా వైపు చాలామంది రైతులు కాయ తామే కోసి అమ్ముకోరు. పూత మీదో పిందె మీదో కాపుని గుత్తకి ఇచ్చేస్తారు. గుత్తకి తీసుకున్నాయన మందులు కొట్టించుకుంటాడు, కాపలా పెట్టుకుంటాడు, చిక్కాలతో కోయించుకుని నున్న మార్కెట్‌కి తోలుకుంటాడు. గాలొచ్చినా వానొచ్చినా ఆయనదే భారం. అందుకే బేరం కుదిరేటప్పుడు రెండు వైపులా గుండెలు కొట్టుకుంటాయి. చెట్టు మీద ఇంకా కాయ లేదు. పూత చూసి లక్షల మాట అనుకోవాలి.

మా తోట గుత్తకి ఇరవై ఏళ్లు ఒకాయనే వచ్చాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి పొద్దున్నే దిగేవాడు. నాన్నా ఆయనా తోటంతా తిరిగి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవారు. అమ్మ ఆకులు వేసేది. 'ఏం వండమంటారు' అని ఆయన్ని ఏనాడూ అడగలేదు. ఆయనా 'ఇది కావాలి' అని అనలేదు. ఇంట్లో ఏది ఉంటే అది. పప్పూ, చిక్కుడుకాయ కూరా, పోయినేడాది ఆవకాయా. తింటున్నంతసేపూ వాళ్లు పిల్లల చదువులు మాట్లాడుకునేవారు, వాళ్ల ఊరి దేవుడి కల్యాణం మాట్లాడుకునేవారు. మామిడి మాట మాత్రం రాదు. పెరుగన్నం అయి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాకే. "ఊఁ, చెప్పు" అనేవాడు నాన్న. పది నిమిషాల్లో అయిపోయేది. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే బేరాలు చూసిన నాకు, ఇదేం బేరం అనిపించేది. కడుపులో అన్నం పడ్డాక మనిషి మరీ అన్యాయంగా అడగలేడని నాన్న నమ్మకం. అమ్మ నమ్మకం వేరు. 'తిన్నాక మనిషికి కునుకొస్తుంది. అదే అవతలివాడి లాభం' అనేది.

2010లో నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. ఆ ఏడు కాపు విరగకాసింది. గుత్త లక్షా నలభై వేలు. బయానా యాభై, పిందె దశలో యాభై ఇచ్చేశాడు. కోత అయ్యాక నలభై ఇవ్వాలి. మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మేం సముద్రానికి దూరమే. అయినా ఆ గాలి ఆగలేదు. తెల్లారి తోటలోకి వెళితే నేల కనపడలేదు. రసాలన్నీ కిందే. ఇంకో పది పదిహేను రోజులుంటే కోతకొచ్చేవి. నాన్న ఒక కాయ తీసి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత ఆయన వచ్చాడు. భోజనాల వేళకే వచ్చాడు. అమ్మ ఆకు వేసింది. ఆ రోజు ఇద్దరూ పెద్దగా మాట్లాడలేదు. రాలిన కాయలతో చేసిన మామిడికాయ పప్పే వడ్డించింది అమ్మ. కావాలనే చేసిందో, ఇంట్లో అవే ఉన్నాయనో నాకిప్పటికీ తెలియదు. పెరుగన్నం అయ్యాక, నాన్న అన్నాడు: "మాట ప్రకారం నలభై రావాలి. నీకూ తెలుసు, నాకూ తెలుసు. తోట ఎలా ఉందో కూడా ఇద్దరికీ తెలుసు. ఎంతిస్తావో నీ ఇష్టం."

ఆయన జేబులోంచి పదిహేను వేలు తీసి ఇచ్చాడు. "మిగతాది వచ్చే ఏడు" అన్నాడు.

వచ్చే ఏడు వచ్చింది. ఆయనా వచ్చాడు, అన్నం తిన్నాడు, గుత్త తీసుకున్నాడు. పాతికవేల సంగతి ఎత్తలేదు. నాన్నా ఎత్తలేదు. ఆ పాతికతో గాజులు చేయించుకోవాలని అమ్మ అనుకుంది. అందుకే అమ్మ మాత్రం మర్చిపోలేదు. "నీ ఇష్టం అన్నందుకే కదా పోయాయి" అని ప్రతి సంక్రాంతికీ ఒకసారి గుర్తు చేసేది. "అడిగితే ఇస్తాడే. అడక్కపోతే మన తోటకే వస్తాడు" అనేవాడు నాన్న. అందులో తెలివి ఉందో, మొహమాటానికి తెలివి తొడిగాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బయటి వ్యాపారులు రాక, లారీలు కదలక, గుత్త తీసుకున్నవాళ్లు చాలా తోటలు వదిలేసి వెళ్లిపోయారు. ఈయన వెళ్లలేదు. కాయ కోసి, ట్రాలీ ఆటోలో ఏలూరు వీధులు తిప్పి అమ్మి, ఇవ్వాల్సింది పూర్తిగా తెచ్చిచ్చాడు. అమ్మ డబ్బులు లెక్కపెట్టుకుని, "అది వేరు, ఇది వేరు" అంది.

నాన్న పోయి మూడేళ్లయింది. అంతకు కొన్నాళ్ల ముందే ఆయనా పోయాడు. ఈ మూడేళ్లూ తోట వ్యవహారం మా మావయ్య చూశాడు. ఈ ఏడు ఆయన కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. జనవరిలో అమ్మ ఫోన్: "నువ్వే రావాలి. ఆయన కొడుకు వస్తానన్నాడు. వాడు కాకపోతే చెట్లు కొట్టించేసి పామాయిల్ వేయిద్దామంటున్నారు మీ అన్నయ్యా వాళ్లూ."

ఆ మాట నిజమే. మా చుట్టుపక్కల చాలా మామిడి తోటలు పామాయిల్ అయిపోయాయి. తప్పు పట్టలేం. మామిడి ఒక ఏడు కాస్తే మరుసటి ఏడు అలుగుతుంది. పామాయిల్ నాలుగో ఏట నుంచి పదిహేను రోజులకోసారి గెలలు ఇస్తుంది. గాలికి రాలవు, పూతకి మందులు అక్కర్లేదు. హైదరాబాద్‌లో కూర్చుని 'చెట్లు కొట్టొద్దు' అనడం నాకు తేలికే. పురుగుమందు బిల్లు కట్టేది అమ్మ కదా.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. వంట చేసి వడ్డించే పరిస్థితి లేదు. "నూజివీడులో ఏదైనా మెస్సులో పెట్టించు. కానీ ఒక్క మాట... 'మీ ఇష్టం' అనకు" అంది. మూడుసార్లు అంది.

బస్టాండుకి కొంచెం అవతల ఒక మెస్సు ఉంది. ఆరు బల్లలు. అక్కడా మెనూ లేదు. లోపలికి వెళ్లగానే ఆకు పడుతుంది. "ఇవాళ చిక్కుడుకాయ టమాటా. వంకాయ రేపు" అంది వడ్డించే ఆవిడ, మేం అడగకుండానే. భోజనం 120 రూపాయలు. ఎన్నిసార్లు వడ్డించినా అంతే. బెంగళూరులో పదివేల లోపు పెట్టి నేర్చుకున్న మాట నాకప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మన పూటకూళ్ల ఇళ్లన్నీ ఒమకాసేలే కదా! ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన 'క్రీడాభిరామం'లోనే పూటకూటి ఇంటి భోజనం ఉంది. 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ ఉండనే ఉంది. ఆవిడ పెట్టింది తినడం తప్ప, కార్డు చూసి చెప్పడం ఎవరికి తెలుసు?

కుర్రాడికి ముప్ఫై లోపే ఉంటాయి. "అక్కా" అని పిలిచాడు. పప్పు కలుపుకుంటూనే ఫోన్ తీశాడు. నున్న రేట్లు, ఢిల్లీ రేట్లు, పోయినేడాది నల్ల తామరపురుగు పట్టిన పూత ఫొటోలు. "మందుల ఖర్చే ఎకరానికి..." అంటున్నాడు. వాడి ముద్ద ఆకులోనే చల్లారిపోతోంది.

"తమ్ముడూ, పెరుగన్నం అయ్యాక మాట్లాడుకుందాం" అన్నాను.

ఒక్క క్షణం నా వైపు చూసి, ఫోన్ బోర్లా పెట్టేశాడు. "నాన్న కూడా ఇలాగే అనేవాడక్కా. మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నాడంట" అన్నాడు. తర్వాత చారు దాకా వాళ్ల పాప గురించి చెప్పాడు. అంగన్‌వాడీలో వేశాడట. గోడల మీద బొగ్గుతో రాస్తోందట. మాటల మధ్య ఆవిడ వచ్చి అడక్కుండానే కూర ఇంకో గరిటె వేసింది.

పెరుగన్నం అయింది. చేతులు కడుక్కుని బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. ఒక ఏడాదికి రెండు లక్షల ముప్ఫై అన్నాడు. నేను రెండు డెబ్భై అన్నాను. ఆ అంకె అమ్మది, నాది కాదు. వాడు నేల వైపు చూస్తూ కాసేపు ఊరుకుని, "ఇంకోటి కూడా ఉందక్కా" అన్నాడు.

"నాన్న లెక్కల పుస్తకంలో మీ తోట పేరు మీద పాతిక రాసి ఉంది. 2010ది. మిగతావన్నీ కొట్టేసి ఉన్నాయి, అదొక్కటీ కొట్టేయలేదు. అది ఈ బేరంలో కలిపేయమంటారా, విడిగా పెట్టమంటారా?"

నాకు గొంతు దాకా వచ్చింది, 'నీ ఇష్టం' అని. నాన్న నోట్లోంచి నా నోట్లోకి తిన్నగా వచ్చిన మాట. వాడు కావాలనే నాకు వదిలేస్తున్నాడా, నిజంగానే తెలియక అడుగుతున్నాడా? నాన్న అయితే నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆ పాతిక నాన్నది కాదు. నాది అసలే కాదు.

"విడిగా" అన్నాను. "అది అమ్మకి ఇవ్వాలి. నీ చేత్తోనే ఇవ్వు."

"ఎప్పుడు?"

"కోత అయ్యాక."

తలూపాడు. గుత్త రెండు లక్షల యాభై దగ్గర తెగింది. మందుల ఖర్చు వాడిదే. బయానా అక్కడే ఫోన్‌లో పంపించాడు. టింగుమని మోగింది. తువ్వాలూ లేదు, అరుగూ లేదు. పామాయిల్ సంగతి వచ్చే సంక్రాంతికి చూసుకుందామని అన్నయ్యకి చెప్పాలి. వాడు ఒప్పుకోడు.

బస్సెక్కగానే అమ్మ ఫోన్.

"ఎంతకి?"

"రెండు యాభై."

"డెబ్భై అనమన్నా కదా."

"అన్నాను."

"నీ ఇష్టం అనలేదు కదా?"

"అనలేదు. పాతిక కూడా కోత అయ్యాక తెచ్చిస్తానన్నాడు. నీకే."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"ఏం కూర వేశారే?" అంది అమ్మ.